గేటు బయటి దగ్గు

ఆగు కాక పోయాడని మా బాపు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు ఆయన ముఖం గుర్తుకు రాలేదు. దగ్గు గుర్తుకొచ్చింది. బాపు అవతల నుంచి "ఇంటున్నవా బిడ్డా?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను ఫోను చెవికి ఆనించుకుని, మెడ తిప్పి మా గేటు వైపు చూస్తున్నాను. గేటు దగ్గర ఎవరూ లేరు. కూరగాయల బండి ఒకటి పోతోంది, అంతే.

"ఎట్ల పోయిండు?" అన్నాను.

"గుండె ఆగిందట. మందమర్రిల, ఇంట్లనే. పొద్దుగాల చాయ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు."

మనిషన్నాక "అయ్యో పాపం" అనాలి. నా నోటి నుంచి వచ్చింది మాత్రం "ఇప్పటికన్న ఊకున్నడా!" అని. బాపు నన్ను తిట్టాడు. తిట్టనీ. ఆ మనిషి మీద నాకున్న కోపం ఎవరికీ అర్థం కాదు, నాకే సగం అర్థం కాదు. నా బిడ్డ ఇవాళ భుజాన సంచి వేసుకుని బడికి పోతోందంటే అందులో ఆయన చెయ్యి ఉంది, కాదనను. కానీ ఆయన నా చెవిలో ఒక చప్పుడు పెట్టి పోయాడు. ఇన్నేళ్లయినా అది పోదు. నా బిడ్డ నీళ్లు తాగుతూ నవ్వి పొలమారిందంటే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసి లేచి నిలబడతాను. అది మళ్లీ మామూలుగా ఊపిరి తీసుకునేదాకా నేను తీసుకోను. ఇది ఆయన పెట్టిన రోగం.

ఆగు కాక అన్నది పేరు కాదు. అసలు పేరు నేనిక్కడ రాయను. రాసినా మా గోదావరిఖని క్వార్టర్లలో సగం మంది ఆ పేరుతో ఆయన్ని పోల్చుకోలేరు. గనిలో షాట్‌ఫైరర్‌గా చేసేవాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, మందు కూరి, పేల్చే పని. మా బాపు ఆయన కిందే బొగ్గు నింపేవాడు. పేల్చిన తర్వాత ఆ పొగ, ధూళి పోవాలి, పైకప్పు కుదురుకోవాలి. అప్పటిదాకా ఒక్క మనిషిని ముందుకు కదలనిచ్చేవాడు కాదట. దారికి చెయ్యి అడ్డంగా చాపి నిలబడేవాడట. "ఆగుండ్రి. సప్పుడు సల్లబడనియ్యుండ్రి" అనడం, చెవి రిక్కించడం. పైవాళ్లు బొగ్గు రావడం లేదని ఎంత గోల పెట్టినా ఆ చెయ్యి దిగేది కాదు. ఆయన సెక్షన్లో ఒక్కరికీ పెద్ద దెబ్బ తగల్లేదని బాపు గర్వంగా చెప్పుకునేవాడు. బాపుకు ఆయన సెక్షన్లో డ్యూటీ పడిందంటే ఆ వారమంతా మా అమ్మ నిమ్మళంగా నిద్రపోయేది.

గనిలో అది పనికొచ్చే గుణం. ఇంటికి తెచ్చుకుంటే నవ్వులాట. కుక్కరు దింపినా ఆయన వంటింటి గుమ్మంలో చెయ్యి చాపి నిలబడేవాడు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, అరిచేది: "ఓయమ్మో, ఇది గని గాదు, పప్పు! జరుగు!" జరిగేవాడు కాదు. బస్సు వస్తే దిగేవాళ్లంతా దిగాలి, దుమ్ము అణగాలి, అప్పుడు ఎక్కుతాడు. ఈలోగా బస్సు పోతుంది. మా పిల్లలందరికీ ఆయన ఆట. దాగుడుమూతల్లో దొరికిపోయే ముందు చెయ్యి అడ్డం పెట్టి, గొంతు మార్చి "ఆగుండ్రీ" అనేవాళ్లం. ఆయన విన్నా ఏమీ అనేవాడు కాదు. మీసాల్లోనే నవ్వుకునేవాడు.

ఇంకో పిచ్చి ఉండేది. గని కప్పును కర్రతో కొట్టి, చప్పుడును బట్టి గట్టిదో బోలుదో తెలుసుకుంటారు. ఆయన ఆ కొట్టడం పైన కూడా మానలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు గుమ్మం పైన వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, తల వంచి విని, అప్పుడు లోపలికి వచ్చేవాడు. పెళ్లి పందిట్లో గుంజను కొట్టి చూస్తే పెళ్లికొడుకు వాళ్లు ఈయనెవరో పందిరి వేసిన మేస్త్రీ అనుకున్నారు. మా ఇంట్లో ఒకసారి సజ్జ కింద కొట్టి "ఇది దిగుతది" అన్నాడు. బాపు నవ్వాడు. ఆ వానల్లో సున్నం పెళ్ల ఊడి మా అమ్మ చెరుగుతున్న బియ్యం చాటలోనే పడింది. అప్పటినుంచి అమ్మ ఆయన వస్తే ముందు గోడ చూపించి, తర్వాత చాయ ఇచ్చేది.

పెళ్లయిన చాలా ఏళ్లకు వాళ్లకు కొడుకు పుట్టాడు. ఇక లేరనుకున్న వయసులో పుట్టాడు. షిఫ్టు షిఫ్టంతటికీ బాదుషాలు పంచాడు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఇంటికి రాగానే బూట్లు విప్పకముందే తొట్టెల దగ్గరికి పోతాడని, బొగ్గు మసి చూసి చిన్నమ్మ తరుముతుందని మా క్వార్టర్ల లైనంతా చెప్పుకుని నవ్వుకునేది. పొద్దున పూట చీరతో కట్టిన తొట్టెల తాడును, పైన దూలాన్ని, కొక్కేన్ని రోజూ కొట్టి చూసేవాడు.

ఒకరోజు మా వరండాలో కూర్చుని బాపుతో వాదం పెట్టుకున్నాడు. అప్పుడే కొత్తగా ఐదు రోగాలకు ఒకే సూది వచ్చింది. పిల్లాడికి అది వేయించాల్సిన వారం.

"ఒక్క సూదిల ఐదు మందులట. ఐదు!" అన్నాడు, చేతి వేళ్లు ఐదూ విప్పి. "మెత్త కప్పు కింద ఎవడన్న ఐదు రంధ్రాలు ఒక్కపాలే పేలుస్తడా? ఒకటి పేల్చాలె, ఆగాలె, చూడాలె. అప్పుడు ఇంకోటి. గింతంత పసికూన, ఒళ్లింక కుదురుకోనే లేదు. ఐదింటితోని ఒక్కసారి ఎట్ల కొట్లాడుతడు?"

"దేశమంత ఇస్తున్నరు గదరా. నీ ఒక్కనికే తెలుసా?" అన్నాడు బాపు.

"నేను వద్దంటలేను గద అన్నా. ఒక్కొక్కటి ఇయ్యిమంటున్న. నడుమ జర ఆగి ఇయ్యిమంటున్న."

నిజమే, ఆయన వద్దనలేదు. ఆయన సూదులకు వ్యతిరేకి కాదు. పుట్టగానే వేసేవి వేయించాడు, చుక్కలు పోయించాడు. ఆ ఐదింటినీ విడగొట్టి ఇచ్చేవాళ్లు ఎక్కడన్నా ఉంటారేమోనని మంచిర్యాల వెళ్లాడు, కరీంనగర్ వెళ్లాడు, దుకాణం దుకాణం అడిగాడు. ఎవరి దగ్గరా లేవు. సూదులేసే సిస్టరమ్మ ఇంటికి వచ్చి చెబితే "దొరికినంక ఏపిస్త, జర ఆగమ్మా" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే ఆవిడ చాయ తాగి వెళ్లిపోయింది.

మూడో నెలలో పిల్లాడు పోయాడు. కోరింత దగ్గు అన్నారు. మాకు తెలిసింది అంతవరకే. దవాఖాన నుంచి శాలువాలో చుట్టుకుని తెచ్చారు. మేమంతా వెళ్లేసరికి ఆయన తన గేటు దగ్గర చెయ్యి అడ్డంగా చాపి నిలబడి ఉన్నాడు. ఎవర్నీ లోపలికి పోనివ్వడం లేదు. బాపు దగ్గరికి పోయి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కిందికి దింపాడు. ఆ రోజు బాపు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ తర్వాత ఆయన అంగన్‌వాడీ దగ్గర కనబడటం మొదలైంది. సూదులేసే రోజు, అంటే బుధవారం, డ్యూటీ మార్చుకుని మరీ వచ్చేవాడు. గోడ వారగా బల్ల మీద కూర్చునేవాడు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వస్తారు, సూది పడుతుంది, పిల్లలు కెవ్వుమంటారు. ఆయన కళ్లు మూసుకుని ఆ ఏడుపులు వినేవాడు. మనం భజన వింటామే, అట్లా. చూసినవాళ్లకు ఒళ్లు జలదరించేది. "గీయనకు పిచ్చి లేసింది" అనేవాళ్లు కొందరు. నేనూ అన్నాను, ఎందుకు అబద్ధం.

అందరూ వచ్చి పోయాక సిస్టరమ్మను ఒకటే అడుగుతాడు. "ఎవరు రాలే?" ఆవిడ చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తుంది. ఆ సాయంత్రం ఆ ఇంటి గేటు దగ్గర ఆయన ఉంటాడు.

మా దగ్గర ఒక పట్టింపు ఉంది. పసిబిడ్డ ఉన్న ఇంటికి, తన బిడ్డను మట్టి చేసిన మనిషి రాకూడదంటారు. ఆ అడుగు మంచిది కాదంటారు. పెద్దవాళ్లు ముఖం మీదే అంటారు. ఆయన ఆ పట్టింపును వాళ్లకంటే ఎక్కువ పాటించేవాడు. గేటు దాటేవాడు కాదు. గోడ మీద చెయ్యి వేసేవాడు కాదు, కొట్టి చూసే అలవాటు పూర్తిగా మానేశాడు. బయటే నిలబడి "బిడ్డా, జర మంచినీళ్లియ్యి" అనేవాడు. తల్లి నీళ్లు తెచ్చేది. అప్పుడు, "ఒక్కటి ఇనిపిస్త. ఇని, ఇగ నీ ఇష్టం" అనేవాడు.

వినిపించి పోయేవాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. విన్న తల్లులు అది ఎట్లా ఉంటుందో మాకు చెప్పేవాళ్లు కాదు. అడిగితే చెవులు మూసుకునేవాళ్లు. నేను కథలనుకున్నాను.

తర్వాత నా పెళ్లయింది. పెద్ద దూరమేం పోలేదు, పక్క లైనులోకే కోడలిగా వచ్చాను. మా ఆయనా బొగ్గు కంపెనీలోనే, ఎలక్ట్రీషియన్. బిడ్డ పుట్టింది. ఆరువారాల సూది వేయించాను. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది, తొడ గట్టిపడింది, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చింది. మామూలే అని సిస్టరమ్మ ముందే చెప్పింది. చెబితే ఏమిటి? సూది వేసేటప్పుడు ఆ తొడ కదలకుండా నొక్కి పట్టుకున్నది నేను. అది నా ముఖంలోకే చూస్తోంది. నన్ను కాపాడు అన్నట్టు నన్నే చూస్తోంది, నేనే పట్టుకుని గుచ్చిస్తున్నాను. ఆ చూపు తల్లి అయినవాళ్లకు తప్ప తెలియదు. మగవాళ్లు "ఒక్క నిమిషం నొప్పే గద" అంటారు. ఆ నిమిషం మీరొచ్చి పట్టుకోండి మరి.

ఇక ఫోనులో వీడియోలు ఉండనే ఉన్నాయి. పసిపిల్ల ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి అప్పుడప్పుడే తయారవుతుందని, ఇన్ని మందులు ఒక్కసారి పడితే అది దెబ్బ తింటుందని, దాన్ని దాని మానాన ఎదగనివ్వాలని. తెల్ల కోటు వేసుకున్న ఒకాయన మెల్లగా, ప్రేమగా చెబుతాడు. నేను బీఎస్సీ చదివాను. అయినా పాలిస్తూ అవే చూశాను, బిడ్డ తల నిమురుతూ అవే విన్నాను. మా అత్తమ్మ "మా కాలంల గిన్ని సూదులున్నయా? మీ ఆయన పెరగలేదా?" అంది. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. నీ ఇష్టం అనే మాటంత బరువైన మాట ఇంకోటి లేదు. అది అన్నవాళ్లు హాయిగా డ్యూటీకి పోతారు.

ఉండబట్టలేక బిడ్డను ఎత్తుకుని దవాఖానకు పోయాను. అక్కడి డాక్టరమ్మది కోస్తా వైపు. విసుక్కోకుండా విన్నది. "ఇప్పుడు మీరు పాపను ఇంత దూరం ఎత్తుకొచ్చారు కదండీ" అంది. "దారిలో దుమ్ము, మీ కొంగు, మీరు పెట్టిన ముద్దు, అన్నిట్లోనూ క్రిములే. పుట్టిన నిమిషం నుంచీ దాని ఒళ్లు వాటితో పోరాడుతూనే ఉంది. దాని ముందు ఈ సూదిలో ఉన్నది చిటికెడు. ఐదు దానికి ఎక్కువేం కాదు. జ్వరం వచ్చిందంటే ఒళ్లు నేర్చుకుంటోందని అర్థం. లేటు చేస్తేనే ఇబ్బందండీ. ఈ వయసులో కోరింత దగ్గు పట్టుకుంటే పిల్లలు తట్టుకోలేరు."

అంతా అర్థమైంది. తల ఊపాను, దండం పెట్టి వచ్చాను. తలకెక్కింది గానీ కడుపుకెక్కలేదు. రెండో సూది రోజు వచ్చింది, పోయింది. నేను ఇంట్లోనే ఉన్నాను. ఇంకొంచెం గట్టిపడ్డాక వేయిద్దామని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ వారమూ పోయింది, ఆ పై వారమూ పోబోతోంది.

అదిగో, అప్పుడొచ్చాడు.

ఎండ వాలుతోంది. అత్తమ్మ వాకిట్లో బట్టలు తీస్తోంది. గేటు బయట ఆయన. చాలా చిక్కిపోయాడు, చొక్కా భుజాల మీద నిలవడం లేదు. "బిడ్డా, జర మంచినీళ్లు" అన్నాడు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది, పోవద్దని. దాహమన్న మనిషికి నీళ్లియ్యకుండా ఎట్లా? ఒక చంకలో బిడ్డ నిద్రపోతోంది, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకుని వెళ్లాను. ఆయన నీళ్లు అందుకోలేదు. బిడ్డను కూడా చూడలేదు, చూపు పక్కకు తిప్పుకున్నాడు, తన కళ్లు పడతాయేమోనని.

"ఒక్కటి ఇనిపిస్త బిడ్డా. ఇని, ఇగ నీ ఇష్టం."

చిన్నగా మొదలైంది. గొంతులో ఏదో గీరుకున్నట్టు ఒకటి రెండు దగ్గులు. తర్వాత వరస. ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ మధ్య సందు లేదు, ఊపిరి తీసుకునే తావు లేదు. ఆయన నడుము వంగింది. గేటు చువ్వలు పట్టుకోబోయి, గుర్తొచ్చి, చేతులు వెనక్కి తీసుకుని తన మోకాళ్లే పట్టుకున్నాడు. మెడ నరాలు తేలాయి, ముఖం నల్లబడింది. లోపల గాలి అయిపోయింది, అయినా దగ్గు ఆగదు. ఆ తర్వాత ఏమీ లేదు. ఇక లేవడేమో అనుకున్నాను. అప్పుడు లోపలికి ఒక పీల్పు. నీళ్లందని బోరింగు గాలి పీల్చినట్టు, పొడుగ్గా, కీచుమంటూ. వెంటనే మళ్లీ మొదలు.

నా బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. అత్తమ్మ బట్టలు కింద పడేసి ఉరికొచ్చింది. "పోవయ్యా! పసిపిల్ల ఉన్న ఇంటి ముందర ఏం కూతలివి! నీకు దండం పెడత, పో!" నేనైతే చేతిలో గ్లాసు ఆయన మీదికే విసిరాను. "ఏం మనిషివి కాకా నువ్వు! సిగ్గు లేదా!" అని అరిచాను. నీళ్లు ఆయన చొక్కా మీద పడ్డాయి, గ్లాసు పక్కనున్న మురుగు మోరీలో పడింది.

ఆయన మోరీలో చెయ్యి పెట్టి గ్లాసు తీశాడు. తువ్వాలతో తుడిచాడు. లోపల పెట్టకుండా గేటు బయటి రాయి మీద బోర్లించి, "రేపు బుధవారం బిడ్డా" అన్నాడు. వెళ్లిపోయాడు.

మరునాడు నేను పోయాను. డాక్టరమ్మ మాటకు పోలేదు, నా చదువుకూ పోలేదు. ఆ చప్పుడు నా బిడ్డ గొంతులోంచి వస్తే ఎట్లా అన్న భయానికి పోయాను. ఒక భయం మీద ఇంకో పెద్ద భయం తెచ్చి కూర్చోబెట్టాడు ఆయన. అందుకే నాకు కోపం. బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని ఉన్నాడు. నా బిడ్డకు సూది పడింది, గుక్కపట్టి ఏడ్చింది. ఆయన ముఖం విచ్చుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అనుకున్నట్టే సాయంత్రానికి జ్వరం వచ్చింది. నేను బిడ్డను భుజానేసుకుని వాకిట్లో తిరుగుతున్నాను. గేటు బయట మళ్లీ ఆయన. ఈసారి నీళ్లడగలేదు.

"జరమొచ్చిందా?"

"రాదా మరి! నువ్వు కోరుకున్నదే గద."

"మందు పోసినవా?"

"పోసిన."

ఆయన వెళ్లలేదు. చేతులు నలుపుకుంటూ అక్కడే నిలబడ్డాడు. గనిలో మందు కూరే చేతులు. నాకు అనుమానం వచ్చింది. గేటు దగ్గరికి పోయి అడిగాను.

"కాకా, ఒక్క మాట నిజం చెప్పు. ఐదు ఒక్కసారంటే నీకు భయం పోయిందా?"

"పోలే బిడ్డా" అన్నాడు. "డాక్టర్లు మస్తు మంది చెప్పిన్రు, ఏం కాదని. అందరు జెప్పింది సమజైంది. గాని నాకు ఇప్పటికి భయమే. గా సూది పడ్డప్పుడల్ల నా గుండె జారుతది. నీ బిడ్డకు జరమొచ్చిందో ఏమోనని పొద్దటిసంది కాలు నిలుస్తలేదు."

"మరి ఎందుకు మందిని బెదిరిస్తున్నవు?"

"భయం ఉండనియ్యి. సూది గూడ పడనియ్యి. భయం పోయినంకనే ఏపిస్త అని నేను ఆగిన."

బిడ్డ ముక్కుతూ కదిలింది. ఆయన తల పక్కకు తిప్పుకుని, "ఏడుస్తున్నదా?" అన్నాడు. "ఏడుస్తున్నది" అన్నాను. అప్పుడు వెళ్లాడు.

మిగతా సూదులన్నీ రోజు తప్పకుండా వేయించాను. తర్వాత ఆయన మందమర్రికి బదిలీ అయ్యాడు. అక్కడా ఇదే పని చేశాడని విన్నాను. పెళ్లిళ్లలో ఎక్కడన్నా ఎదురైతే దూరం నుంచే చెయ్యెత్తేవాడు. నేను నా బిడ్డను ఆయన దగ్గరికి ఎప్పుడూ తీసుకుపోలేదు. ఆయనా పిలవలేదు.

దినాలయ్యాక చిన్నమ్మను పలకరించడానికి మందమర్రి పోయాను. చిన్న ఇల్లు. ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి ఏడ్వలేదు, చాప వేసింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాం. పింఛను కాగితాలు, అల్లం ధర, మా బాపు మోకాళ్లు. ఉన్నట్టుండి నేనే అనేశాను. చచ్చిపోయినాయన మీద అనకూడదు, అయినా ఆగలేదు.

"చిన్నమ్మా, గా దగ్గు ఇంక నా చెవులనే ఉన్నది. తమ్మునికి అట్ల వచ్చిందంటే మీరెట్ల తట్టుకున్నరు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మా బాబు అట్ల దగ్గలే బిడ్డా."

"అంటే?"

"వాడు మూడు నెలల పిల్లగాడు. వానికి అంత సత్తువ ఎక్కడిది? గట్ల దగ్గింది మా అక్క కొడుకు, పెద్ద పిల్లగాడు. గా సూది వారం దాటినంక మావాన్ని చూడొచ్చి ఎత్తుకున్నడు, ముద్దు పెట్టుకున్నడు. వాని నుంచే మావానికి అంటింది. వాడు నెలల కొద్ది దగ్గిండు, బతికిండు. మీ కాక పొయ్యి వాని మంచం పక్కన కూసోని ఇని ఇని గా దగ్గు నేర్చుకున్నడు."

"మరి తమ్ముడు..."

"మావాడు చిన్నగ, కోడిపిల్ల తీరు, ఒకటి రెండు దగ్గేది. పాలు తాగకపాయె. గా రోజు ఈయన పొద్దటి షిఫ్టు చేసి వచ్చిండు. నేను దవాఖానకు పోదామంటి. అప్పుడే దగ్గు బంద్ అయింది. సప్పుడు లేదు. ఈయన తొట్లె మీద చెయ్యి ఏసి, ఆగు, సల్లబడ్డది, పండుకున్నడు, లేపకు అన్నడు. నాకు గూడ పానం నిమ్మలమైంది. ఇద్దరం పక్కపొంటి కూసున్నం."

ఆమె చాప అంచు పోచలు సరిచేసింది. మా ఊళ్లో రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో, అంటే పైనుంచి తవ్వే గనిలో, పేలుస్తారు. కిటికీలు గడగడలాడతాయి, గిన్నెలు మోగుతాయి. పెద్దవాళ్లం పట్టించుకోం గానీ పసిపిల్లలు నిద్రలోనే చేతులు విదిలించి ఉలిక్కిపడతారు.

"గా రోజు గూడ పేల్చిన్రు" అంది చిన్నమ్మ. "ఇల్లంత కదిలింది. తొట్లెల పిల్లగాడు కదల్లే."

బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

"మీ కాక తప్పు చేసిండని నేను ఒక్కనాడు అనలే. ఆయనకు సప్పుడు బంద్ అయితే అంత మంచిగున్నట్టు. బతుకంత గదే నేర్చుకున్నడు. గాని మందికి ఎట్ల చెప్తడు బిడ్డా? సప్పుడు లేకుంట పోయిన పిల్లగాన్ని ఎట్ల చూపిస్తడు? గేటు కాడ నిలవడి ఊకుంటే ఎవ్వరికి సమజైతది? అందుకే గా పెద్ద పిల్లగాని దగ్గు దగ్గేది. ఇంటికొచ్చి మాత్రం మాట్లాడకపోయేది. గోడకు చెవి పెట్టి కూసునేది."

నేను అప్పుడు ఏడ్చాను. ఆయన కోసమో, ఆ పిల్లాడి కోసమో, ఆనాడు గేటు దగ్గర నా చంకలో నిద్రపోయిన నా బిడ్డ కోసమో తెలియదు. ఇన్నేళ్లు నేను భయపడ్డది వేరే పిల్లాడి దగ్గుకు. బతికిన పిల్లాడి దగ్గుకు. అసలు భయపడాల్సినదాన్ని ఆయన ఎవ్వరికీ వినిపించలేదు, తన దగ్గరే ఉంచుకుని పోయాడు. చిన్నమ్మ నా వీపు నిమిరింది. ఓదార్చడానికి వచ్చింది నేను, ఓదార్చింది ఆమె.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి అడిగింది. "నీ బిడ్డ మంచిగున్నదా?"

"మంచిగున్నది చిన్నమ్మా. మొన్న వానల తడిసి సర్ది పట్టింది. దగ్గుతున్నది, అంతే."

"దగ్గనియ్యి" అంది ఆమె. "ఇనబడుతున్నది గద."

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. బిడ్డ చాప మీద బోర్లా పడుకుని రంగులు వేస్తోంది. ఏనుగుకు ఆకుపచ్చ వేసింది. మధ్య మధ్య ఖళ్లుమని దగ్గి, ముక్కు ఎగబీల్చి, మళ్లీ రంగు దిద్దుతోంది. నేను చెప్పులు విప్పి, కాళ్లు కూడా కడుక్కోకుండా గడప మీద కూలబడ్డాను.

మా ఆయన వంటింట్లోంచి తల బయటపెట్టాడు. "పొద్దటిసంది గట్లనే దగ్గుతున్నది. జర అల్లం తేనె పొయ్యరాదు?"

"పోస్త" అన్నాను. "ఒక్క జరసేపు ఇననియ్యి."